సీమోను వెయ్యో గోలు

రేపల్లె స్టేషను ఎదురుగా పేరంటాలు టీ కొట్టుకి రెండు బెంచీలు. ఒకటి టీ తాగి పోయేవాళ్లది, రెండోది సీమోనుది. సీమోనుది అంటే ఆయన చేయించి పెట్టిందని కాదు. ఎండ చల్లబడే వేళకి వచ్చి దాని చివర కూర్చున్నాడంటే, తెనాలి బండి కూత వేసేదాకా ఆ బెంచీ మీద ఎవరు కూర్చున్నా ఆయన మాట వినాల్సిందే, వేరే దారి లేదు. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. భట్టిప్రోలుకీ రేపల్లెకీ మధ్య, చుట్టూ పొలాలే తప్ప ఇల్లన్నది కనపడని ఒక గేటు దగ్గర బతుకంతా గడిపాడు. అప్పుడు మాట్లాడకుండా దాచుకున్నవన్నీ ఇప్పుడు బయటికి తీస్తున్నాడని పేరంటాలు నవ్వుతుంది.

ఆయన భార్య హెలెన్ పోయి రెండేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో టీవీ ఉంది గానీ, అది చెప్పడమే తప్ప వినదు. పొద్దున లేచినప్పట్నించి సాయంత్రం కొట్టుకి వచ్చేదాకా కొన్ని రోజులు సీమోను నోట్లోంచి ఒక్క మాట కూడా రాదు. అందుకే వచ్చిన కొత్తలో గొంతు బొంగురుగా పలుకుతుంది, రెండు మూడుసార్లు సవరించుకుంటే గానీ దారికి రాదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పడు. చెప్పేవి వేరే ఉన్నాయి.

ఆ సాయంత్రం బెంచీ మీద ముగ్గురున్నారు. సెల్‌ఫోన్లు బాగుచేసే వినయ్ కుమార్, ఆదివారం చర్చి అయ్యాక ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లకి కెప్టెను. నిజాంపట్నం నుంచి చేపల ఆటో తోలే బ్రహ్మాజీ. తెనాలి నుంచి రోజూ వచ్చిపోయే గుమస్తా రాజ్ కుమార్, బండి కోసం చూస్తూ ఒక కన్ను ఎప్పుడూ స్టేషను మీదే వేసి ఉంచుతాడు.

వినయ్ ఫోన్లో ఏదో చదువుతూ నవ్వాడు.

“తాతా, ఇది విన్నావా? ఆ విదేశీ ఆటగాడు లేడూ, నలభై దాటినా ఇంకా ఆడుతున్నాడే, ఆయన వెయ్యి గోల్స్‌కి దగ్గర్లో ఉన్నాడంట. ఇంకొన్నాళ్లు కాళ్లు సహకరిస్తే కొట్టేస్తాడని రాశారు. ఇలా ముసలి ఆటగాళ్లు ఎవరెవరు ఏయే రికార్డుల దగ్గరికి వచ్చారో మొత్తం వేశారు.”

సీమోను గ్లాసు కింద పెట్టాడు.

“ఎంత తక్కువంట?”

“ఇంకా కొన్ని కావాలి.”

“పాపం,” అన్నాడు సీమోను, చుట్టాలబ్బాయి పరీక్ష తప్పాడని విన్నట్టు. “నాకు ఒక్కటే తక్కువ.”

ఆ ముక్క బెంచీకి కొత్త కాదు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది గోల్స్ కొట్టి, ఒక్కటి మిగుల్చుకుని సీమోను ఆట మానేశాడని స్టేషను చుట్టుపక్కల రిక్షావాళ్లకి కూడా తెలుసు. అయినా బ్రహ్మాజీ కాలు మీద కాలు వేసుకుని సర్దుకున్నాడు. చేపలు దించేసిన ఆటో ఎండలో వాసన వదులుతోంది, ఇంటికి పోవాలన్న తొందర ఆయనకి లేదు.

“అసలు బాపట్లలో కొట్టావే, అది చెప్పు మావా,” అన్నాడు.

“అదా? అదేం పెద్ద విషయం కాదు అల్లుడూ. చెప్పుకోదగ్గది కూడా కాదు.” సీమోను గొంతు సవరించుకున్నాడు. “నేను రైల్వేలో చేరకముందు మాట. మన రేపల్లె చర్చి కుర్రాళ్ల జట్టు బాపట్ల వెళ్లింది ఆటకి. సూర్యలంక వైపు నించి గాలి, మనిషిని నిలబడనివ్వట్లేదు. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, టైమైపోవచ్చింది. బంతి నా కాళ్ల దగ్గరికొచ్చింది. తన్నాను. పోయింది. గోలైంది. అంతే.”

“అంతేనా?” అన్నాడు వినయ్.

“అంతే. ఎంతమంది కొట్టలేదు అలాంటివి.”

రాజ్ కుమార్ కన్ను స్టేషను మీదికి వెళ్లింది. వినయ్ బొటనవేలు ఫోను మీద కదిలింది. వినేవాడి బొటనవేలు అలా కదిలిందంటే కథ చల్లారిపోతోందని సీమోనుకి బాగా తెలుసు. ఇక ఊదాలి.

“కాకపోతే,” అన్నాడు, “నేను తన్నింది మన గోలు దగ్గర్నించి.”

బొటనవేలు ఆగింది.

“ఈ చివర్నించి ఆ చివరికా?”

“ఆ చివరికే. పైగా ఎదురుగాలి. బంతి వెళ్లి వెళ్లి, మధ్యలో ఆగింది. గాల్లోనే. ముందుకి పోనా వెనక్కి పోనా అని ఆలోచించుకుంటోంది. జనమంతా నోళ్లు తెరుచుకుని పైకి చూస్తున్నారు. నేను ఊరుకుంటానా? కింద నిలబడి ఒక్క కేక వేశా, ‘పోవే!’ అని. పోయింది. గోలు కాసే వాళ్ల గోలీ అప్పుడే పంచె ఎగ్గట్టుకుంటున్నాడు, ముడి పడేలోపల బంతి వల దగ్గరుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వల మామూలు వల కాదు, సూర్యలంక బెస్తవాళ్ల దగ్గర తెచ్చి కట్టింది. బంతి ఆ వలని గుంజలతో సహా పీక్కుని సముద్రం దాకా పోయింది. పోయి మునిగింది. లాగితే ఏముంది? బంతి, దాని చుట్టూ నిండా చేపలు, చందువాలు, వంజరాలు!”

“ఏ నెలలో మావా అది?” అన్నాడు బ్రహ్మాజీ.

“ఏ నెలైతే ఏంటి?”

“ఎండాకాలం వేట నిషేధం ఉంటది కదా. పట్టుకుంటారు.”

“అది పడవలకి అల్లుడూ. బంతికి నిషేధం లేదు. ఆఫీసరు కూడా వచ్చాడు, పుస్తకమంతా తిరగేశాడు, బంతి అన్న మాట ఎక్కడా లేదు. ఆయనకే రెండు వంజరాలు ఇచ్చి పంపించాం.”

రాజ్ కుమార్ కూడా నవ్వాడు. పేరంటాలు పొయ్యి దగ్గర్నించే నవ్వాపుకుంటూ పెదవి బిగించింది. సీమోను వెన్ను నిటారైంది. ఇంటి దగ్గర తలుపు తాళం వేసి బయల్దేరినప్పుడు ఆ వెన్నే వంగి ఉంది. నలుగురు నవ్వితే ఆయన ఒళ్లు తేలికవుతుంది. ఆ తేలికదనం రాత్రి అన్నం తినేదాకా ఉంటుంది, ఒక్కోరోజు పడుకునేదాకా కూడా ఉంటుంది. మనిషి దానికోసమే సాయంత్రాన్ని పట్టుకుని బతుకుతున్నాడంటే అబద్ధం కాదు.

“ఇవన్నీ విడి విడిగా కొట్టినవిలే,” అన్నాడు చేత్తో పక్కకి తోసేస్తూ. “ఒకే తన్నుకి మూడు కొట్టానే, దాని సంగతి మీకు చెప్పలేదు కదూ?”

“ఒకే తన్నుకి మూడా?” వినయ్ ఫోను జేబులో పెట్టేశాడు. సీమోను లోపల్లోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

“మూడు. మూడు ఊళ్లలో. తెనాల్లో ఒకటి, బాపట్లలో ఒకటి, మన రేపల్లెలో ఒకటి. ఆ ఆదివారం మూడు ఊళ్లలోనూ ఆటలు పెట్టారు. మూడు జట్లూ నేనే కావాలన్నాయి. ఎవర్ని కాదంటాను? అందరూ మనవాళ్లే. మూడింటికీ పేరిచ్చేశా.”

“ఒకే టైముకి మూడు చోట్ల ఎలా ఆడతారండీ?” అన్నాడు రాజ్ కుమార్.

“అదే కదా నేనూ తెనాలి గ్రౌండులో నిలబడి ఆలోచించింది. నేను ఒక్కణ్ణే గానీ బంతికేం, ఎక్కడికైనా పోతుంది. సరే అని గాలి చూసుకుని, కాలు మడిచి, ఒక్కటి పెట్టా. తెనాలి గోల్లోంచి దూరింది. ఒకటి. దూరి ఆగిందా? ఆగదు. స్టేషను మీదుగా పట్టాలు పట్టుకుంది. చుండూరు గేటు దగ్గర మనవాడే డ్యూటీలో ఉన్నాడు. చూశాడు. వెనకాల మెయిలు బండి వస్తోంది, ముందు బంతి వస్తోంది. ఏం చెయ్యాలి? రూలు రూలే. గేటు వేశాడు, పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాడు, బంతిని పంపించాడు. మెయిలుని మాత్రం సిగ్నల్ దగ్గర ఆపేశారు, ముందు బండి బాపట్ల చేరలేదని.”

“మెయిలునే?” బ్రహ్మాజీ తొడ మీద చరుచుకున్నాడు.

“మెయిలునే. లోపల జనం తలలు బయటికి పెట్టి, ‘ఏంటండీ ఆలస్యం?’ అంటే, ‘సీమోను గారి బంతి ముందుందండి, లైన్ క్లియర్ రాలేదు’ అన్నారు. బాపట్ల చేరింది. గోలు. రెండు. అక్కడ ఆగాలా? ఆ ఊపు మీద చీరాల వైపు పోయి వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పడింది. అక్కడ ఆడవాళ్లు తలెత్తకుండా పని చేస్తారు కదా, ఇంత పెద్ద జీడిగింజ ఎప్పుడూ చూడలేదనుకుని దీన్ని తీసుకెళ్లి కాల్చారు. కాల్చి, చెక్క మీద పెట్టి కొట్టి, తొక్క తీసేశారు. తోలంతా ఊడొచ్చింది. లోపల గాలి నింపే బ్లాడరు మిగిలింది, గుండ్రంగా తెల్లగా. పప్పు బాగా వచ్చిందని మేస్త్రీ మెచ్చుకున్నాడు కూడా!”

వినయ్ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు. టీ తాగి పోదామని వచ్చిన ఇద్దరు ముగ్గురు కూడా గ్లాసులు పట్టుకుని నిలబడిపోయారు. సీమోను వాళ్లని చూసి చూడనట్టు చూశాడు. గొంతు ఇప్పుడు కంచుగంటలా ఉంది.

“మరి తోలు లేని బంతితో రేపల్లెలో గోలెలా పడింది తాతా?”

“అక్కడే ఉంది అసలు సంగతి. బ్లాడరు గాలికి తేలి పిట్టలవానిపాలెం పొలాల్లో పడింది. వరి నాట్లేసిన మడి. ఒక కొంగ చూసింది. గుడ్డనుకుంది. పాపం తల్లి ప్రాణం, దాని మీద కూర్చుని పొదిగింది. మధ్యాహ్నమంతా పొదిగితే ఏముంది, ఆ వెచ్చదనానికి బంతికి మళ్లీ తోలు పుట్టింది. కొత్త తోలు, కుట్లతో సహా! కొంగ అదిరిపడి లేచి ఎగిరింది. దాని కాలి గోరు కుట్టులో ఇరుక్కుంది. కొంగ ముందు, బంతి వెనక, కాలవ మీదుగా రేపల్లె. ఇక్కడ రెఫరీ వాచీ చూసుకుంటున్నాడు, విజిలు నోట్లో పెట్టాడు, ఊదబోతున్నాడు. పడింది. మూడు! మూడు ఊళ్లలోనూ మన జట్లే గెలిచాయి.”

“మరి అంతసేపూ మీరెక్కడున్నారండీ?” అన్నాడు రాజ్ కుమార్.

“నేనా? తెనాల్లో పకోడీ తింటున్నా. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఉన్న ఫుట్‌బాల్ పెద్దాఫీసు నించి ఒక ఆఫీసరు దిగాడు నా మోకాలు కొలవడానికి. తెచ్చిన టేపు చాల్లేదు. ఇంకోటి తెస్తానని వెళ్లాడు.”

కొట్టంతా గొల్లుమంది. సీమోను అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసుకున్నాడు. హెలెన్ ఉంటే ఈపాటికి “ఆ తర్వాత?” అనేది. ఎంత చెప్పినా ఆవిడ అలాగే అనేది, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తలెత్తకుండా. ఇంతమంది నవ్వుతున్నా ఆ ఒక్క మాట వినపడలేదని ఆయనకి లోపల కలుక్కుమంది.

నవ్వులు సద్దుమణిగాక వినయ్ లేచి నిలబడ్డాడు.

“తాతా, నీకో మాట చెప్పాలని వచ్చా అసలు. కుర్రాళ్లమంతా అనుకున్నాం. ఈ ఆదివారం చర్చి అయ్యాక గ్రౌండులో ఆట పెడుతున్నాం. నువ్వు రావాలి. నీ వెయ్యో గోలు మా ముందే కొట్టాలి. దగ్గర్నించే కొట్టు, గోలీకి చెప్పి ఉంచా, పక్కకి తప్పుకుంటాడు. చర్చి అయ్యగారు వచ్చి శాలువా కప్పుతారు. ఫ్లెక్సీకి కూడా చెప్పేశాం, నీ ఫొటో ఉంటే ఇవ్వు. షీల్డు చేయిస్తున్నాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. బ్రహ్మాజీ “జై సీమోను మావా!” అని కేక వేశాడు. వాళ్ల మనసుల్లో కల్మషం ఏమీ లేదు, ముసలాయన సంతోషపడతాడనే అనుకున్నారు.

సీమోను కింద పెట్టిన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

శాలువా అన్న మాట చెవిన పడగానే ఆయనకి చర్చిలో గంట కొట్టే అంద్రెయ గుర్తొచ్చాడు. చేతులు కాయలు కాసేదాకా ఆ తాడు లాగిన మనిషి. పోయిన ఏడాది ఆయన్ని ముందుకి పిలిచి కుర్చీ వేశారు, దండ వేశారు, శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. ఆ తర్వాతి ఆదివారం అంద్రెయ ఎప్పట్లాగే తాడు దగ్గరికి వెళితే, “మీకెందుకండీ శ్రమ, కూర్చోండి” అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు. అంద్రెయ కూర్చున్నాడు. ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు. మన ఊళ్లలో ఒక మనిషికి శాలువా కప్పారంటే, నీ పని అయిపోయిందని నలుగురి ముందూ గౌరవంగా చెప్పడం.

ఆదివారం వెళితే ఏమవుతుందో సీమోనుకి కళ్లకి కట్టినట్టు కనిపించింది. గోలీ పక్కకి తప్పుకుంటాడు. బంతి పడుతుంది, లేకపోతే వాళ్లే కాలితో తోసి పడేస్తారు. చప్పట్లు, ఫొటోలు. వెయ్యి పూర్తి. సోమవారం సాయంత్రం ఈ బెంచీ మీదికొస్తే ఏం చెప్తాడు? ఇంకొక్కటి కావాలి అనగలిగినంత కాలమే ఆయనకి ఇక్కడ చోటు. కొట్టేశాక ఎవరు అడుగుతారు? కొట్టేసినవాడి దగ్గర వినడానికి ఏముంటుంది? ఇంతదాకా ఆ ఒక్క గోలూ మిగుల్చుకున్నది అందుకే.

“ఆదివారం అంటే...” అన్నాడు. “మోకాలు...”

“నడిచొచ్చి తన్నితే చాలు తాతా.”

“గాలి ఉండదేమో.”

“గాలి ఎందుకు, పది అడుగులేగా!”

సీమోను గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ఇంతసేపటి కంచుగొంతు ఎటు పోయిందో పోయింది.

“అదికాదు మనవడా. లెక్కలో చిన్న తేడా ఉంది. నేను ఇందాకే గమనించా. ఆ రేపల్లె గోలు ఉంది చూశావూ, అది ఆఫ్‌సైడు.”

“ఆఫ్‌సైడా?” రాజ్ కుమార్ పగలబడి నవ్వాడు. “బాపట్ల అవతల్నించి వచ్చిన బంతికి ఆఫ్‌సైడేంటండీ?”

“కొంగ ముందుంది కదా.”

మళ్లీ గొల్లుమన్నారు. వినయ్ నవ్వుతూనే వేళ్లు చూపించాడు.

“అయితే తొమ్మిది వందల తొంభై ఎనిమిది. రెండు తక్కువ. పర్లేదు తాతా, ఆదివారం రెండూ కొట్టిద్దాం.”

“బాపట్లది కూడా నిలబడదు,” అన్నాడు సీమోను తొందరగా. “పచ్చ జెండా చూపించాడు కదా చుండూరువాడు. బంతికి చూపించకూడదు. రైల్వే రూలు ఒప్పుకోదు.”

“మూడు కొట్టిద్దాం.”

“ఆ వంజరాలతో వచ్చిన గోలు... ఆఫీసరికి చేపలిచ్చాం. అది లంచం కింద లెక్క. తీసెయ్యాలి.”

“నాలుగైతే నాలుగు. గోలీ మనవాడే తాతా!”

బతుకులో ఎప్పుడూ ఒక్క మెట్టు కూడా దిగని సీమోను అలా దిగుతూ పోయాడు. ఒక గోలుకి రెఫరీ కళ్లజోడు మర్చిపోయి వచ్చాడు. ఇంకోదానికి గోలు గుంజలు కొలతకి లేవు. ఒకటి తాను కొట్టింది కాదు, తన నీడ కొట్టింది. జనం ఇంకా నవ్వుతున్నారు. ఇందాకటి నవ్వు ఆయన నవ్వించింది. ఈ నవ్వు ఆయన మీద పడుతోంది. ఆ తేడా ఆయనకి తెలుస్తూనే ఉంది, అయినా ఆపలేకపోతున్నాడు. చేతిలో గ్లాసు ఒరిగి టీ పంచె మీద ఒలికింది.

పేరంటాలు అది చూసింది. పొయ్యి దగ్గర్నించి ఇవతలికి వచ్చింది.

“వినయ్, ఆదివారం ఏమీ పెట్టొద్దు బాబూ.”

“అదేంటి అక్కా? తాత ఒక్కొక్కటీ తగ్గిస్తూ పోతుంటే...”

“ఎంత తగ్గించినా మీరు ఊరుకోరు. ఆయన సున్నా దాకా దిగాలి, అప్పుడు గానీ మీరు వదలరు.” సీమోను వైపు తిరిగింది. “బాబాయ్, ఏమీ అనుకోమాక. నువ్వు ఎప్పుడూ బంతి తన్నలేదు. నాకు తెలుసు.”

నవ్వులు టక్కున ఆగిపోయాయి. నిలబడి వింటున్నవాళ్లు గ్లాసులు పెట్టేసి మెల్లగా జారుకున్నారు. వినయ్ మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక నేల చూశాడు.

“ఎవరు చెప్పారు?” అన్నాడు సీమోను.

“హెలెన్ పిన్ని.”

ఇంకెవరి పేరు చెప్పినా ఆయన నోరు ఊరుకునేది కాదు. వాడికేం తెలుసని, వాడి తాతకి ఆట నేర్పింది నేనని ఏదో ఒకటి అల్లేవాడు. ఈ పేరు మీద అల్లడానికి లేదు.

“పిన్ని వాళ్ల అన్న అబ్రహాము ఆ చర్చి జట్టుకి గోలీ అంట కదా,” అంది పేరంటాలు. గొంతు బాగా తగ్గించింది. “ఆయన చెప్పాడంట. మీరంతా ఆటకి పోయినప్పుడు వాళ్లు ఆడుతుంటే, నువ్వు గట్టు మీద కూర్చుని వాళ్ల చొక్కాలూ చెప్పులూ కాపలా కాసేవాడివంట. తెనాలి పోయినా, బాపట్ల పోయినా అంతేనంట.”

నిజమే. ఆ చెప్పుల కుప్ప ఇప్పటికీ ఆయన కళ్ల ముందుంది. ఎవరి చెప్పు ఏదో చీకట్లో కూడా చెప్పగలిగేవాడు. ఆట అయిపోయాక వాళ్లంతా చెమటలు కారుతూ, భుజాల మీద చేతులు వేసుకుని, గట్టిగా అరుచుకుంటూ వచ్చేవాళ్లు. ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని పోయేవాళ్లు. “నువ్వు కూడా రారా, ఒక తన్ను తన్ను” అని ఒక్కరు, ఒక్కసారి అంటారేమోనని ఆయన ప్రతి ఆదివారం తన చెప్పులు కూడా విప్పి ఆ కుప్పలోనే పెట్టేవాడు. ఎవరూ అనలేదు. తర్వాత గేటు దగ్గర ఉద్యోగం వచ్చింది, అక్కడ పిలవడానికి అసలు మనుషులే లేరు.

సీమోనుకి సిగ్గు వేసింది. వేసిందని వెంటనే తెలిసింది కూడా, చెవులు వేడెక్కాయి. కానీ ఆ సిగ్గు కింద ఇంకేదో ఉంది, అది ఇంకా గట్టిగా గుచ్చుకుంటోంది. ఆ గేటు గదిలో, ఆఖరి బండి పోయాక, ఈ గోల్స్ అన్నీ మొదట కొట్టింది హెలెన్ ముందు. కథలో బంతి గాల్లో ఆగిన చోట బియ్యంలో ఆవిడ చెయ్యి కూడా ఆగేది. లోకంలో ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఒక మనిషి తనని ఆటగాడనే నమ్మి, అలాగే నమ్ముతూ పోయిందని ఆయన ధైర్యం. ఆ ధైర్యం మీదే ఈ రెండేళ్లూ ఇంటి తలుపు తీసుకుని లోపలికి వెళ్తున్నాడు.

“ఎప్పుడు చెప్పింది నీకు?”

“మీరింకా గేటు దగ్గరే ఉన్నప్పుడు, ఒంట్లో బాగుండక మందులకొచ్చేది చూడు, అప్పుడు. బండి టైమయ్యేదాకా ఇక్కడే కూర్చునేది. నువ్వు మందుల షాపు దగ్గర ఉండేవాడివి.”

“అంటే దానికి మొదట్నించీ తెలుసా?”

“పెళ్లికి ముందే తెలుసంట బాబాయ్.”

బ్రహ్మాజీ “ఇక ఊరుకో పేరంటాలూ” అన్నట్టు చెయ్యి ఊపాడు. సీమోను ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

“మరి ఒక్కసారి కూడా అనలేదే అమ్మాయ్? ఒక్కసారి కూడా. నేను ఎన్ని చెప్పాను... మెయిలు ఆపానని చెప్పాను, గేటు దగ్గర ఉండేవాళ్లం, బంతి కోసం మెయిలు ఆపరని దానికి తెలుసు... ఆ తర్వాత, ఆ తర్వాత అని అడిగేది గానీ...”

“నేనూ అదే అడిగా పిన్నిని. ‘అన్నీ అబద్ధాలని తెలిసి ఎలా విన్నావు పిన్నీ’ అని. నవ్వింది. ‘నాకు తెలుసంటే ఆపేస్తాడు కదే’ అంది. ‘ఆ గేటు దగ్గర మాకెవరున్నారే. బండి పోయిందంటే మళ్లీ బండి వచ్చేదాకా మనిషి మొహం కనపడదు. ఆయన చెప్తుంటే తెనాలి వాళ్లూ బాపట్ల వాళ్లూ అందరూ మా ఇంటికొచ్చి కూర్చున్నట్టుండేది. ఆయన ఆపితే మళ్లీ మేమిద్దరమే’ అంది.”

సీమోను తల వంచుకున్నాడు. ఒంటరితనం తన ఒక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్లూ. పక్కన కూర్చుని రాళ్లు ఏరుకుంటున్న మనిషికి కూడా అది ఉందని, దానికోసమే ఆవిడ బతుకంతా “ఆ తర్వాత?” అని అడిగిందని ఆయనకి ఒక్కసారి కూడా తట్టలేదు. ఎప్పుడూ తనే చెప్పాడు. నీ సంగతేంటి హెలెన్ అని అడిగిన రోజు గుర్తుకు రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

స్టేషన్లో తెనాలి బండి కూత వేసింది. రాజ్ కుమార్ సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు. రెండడుగులు వేసి, వెనక్కి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఇంకో గంటకి బస్సు ఉందిలే అన్నాడు ఎవరూ అడగకుండానే.

సీమోను మొహం తుడుచుకుని, బెంచీ మీద పక్కకి జరిగి, పేరంటాలుకి చోటు చూపించాడు. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని కూర్చుంది.

“ఇంకా ఏమేం చెప్పింది హెలెన్?” అన్నాడు. “చెప్పు, నేను వింటా.”